ఎవరి నేల, ఎవరి కొట్టు

మౌంట్ రాస్కిల్, ఆక్లాండ్
6 అక్టోబర్ 2024

అన్నయ్యకు,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూసి ఊరుకుంటావు, మన ఇంటి వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయావు. ఇక మిగిలింది పోస్టు డబ్బా ఒక్కటే కదా అని కాగితం తీసుకుని కూర్చున్నాను. తెలుగులో ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. ఒత్తులు తప్పితే నవ్వుకో.

గ్రూపులో "అన్నయ్యకు చరిత్ర తెలియదు" అని పిల్లల ముందు కూడా అనేశాను. అలా అనకుండా ఉండాల్సింది. క్షమించు. కానీ ఆ మాట ఎందుకు వచ్చిందో, అది మాత్రం వెనక్కి తీసుకోలేను.

మీ ఊరి పేపర్లో నువ్వు రాసింది మా స్కూల్లో సైన్స్ చెప్పే ఆవిడ ఫోన్లో చూపించింది. "ఇది మీ బ్రదరేనా?" అని అడిగింది. కింద నీ పేరు, వైకౌరి డైరీ అని నీ చిల్లర కొట్టు పేరు. "దేశంలో అందరికీ ఒకటే చట్టం ఉండాలి. ఎప్పుడో తాతల నాటి కాగితం చూపించి కొందరికి ఒక రకం హక్కులు, కొందరికి ఇంకో రకం అంటే, మేం ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అని రాశావు. స్టాఫ్ రూంలో టీ కప్పు అలాగే వదిలేసి క్లాసుకు వెళ్లిపోయాను.

ఈ టర్మ్‌లో మా సోషల్ పాఠం వైటాంగి ఒప్పందమే. బ్రిటిష్ రాణి మనుషులూ మావోరీ పెద్దలూ 1840లో చేసుకున్న ఆ ఒప్పందం రెండు భాషల్లో ఉంది. ఇంగ్లీషు దాంట్లో సర్వాధికారం రాణికి ఇచ్చేసినట్టు ఉంది. మావోరీ దాంట్లో, పరిపాలన మీరు చూసుకోండి గానీ మా నేల మీదా మా ఊళ్ల మీదా పెత్తనం మాదే అని ఉంది. పెద్దలు ఎక్కువమంది సంతకం పెట్టింది ఈ రెండోదాని మీదే. ఆ తర్వాత ఆ నేల ఎలా చేతులు మారిందో మ్యాపుల మీద రంగులేసి పిల్లలకు చూపిస్తాను. ఇప్పుడు పార్లమెంటుకు రాబోతున్న బిల్లు, అందరూ సమానమే అంటూ, ఆ ఒప్పందానికి అర్థాన్నే కొత్తగా రాస్తానంటోంది. దాన్ని నువ్వు సమర్థిస్తున్నావు!

నీ కొట్టుకు వచ్చేవాళ్లలో సగానికి పైగా మావోరీలే కదన్నయ్యా. వాళ్లు చదవరా ఆ పేపరు?

నీ సిరి బాగా చదువుకుంటోంది. లా చదివే మేనకోడలు ఇంట్లో ఉంటే అన్నంలో ఉప్పెక్కువైందన్నా వాదనే. వదినను అడిగానని చెప్పు. జవాబు రాయి, తిడుతూనైనా సరే.

నీ చెల్లెలు
గిరిజ

*

వైకౌరి, నార్త్‌లాండ్
19 అక్టోబర్ 2024

గిరిజమ్మకు,

ఉత్తరం అందింది. ఒత్తులన్నీ సరిగ్గానే పెట్టావు. మర్యాద మాత్రం ఒకటి రెండు చోట్ల జారింది.

నాకు చరిత్ర తెలియదనే అనుకో. కొట్టు తెలుసు. నా కొట్టులో పాల సీసా ధర మావోరీకి ఒకటి, తెల్లాయనకు ఒకటి, మన పంజాబీ లారీ డ్రైవరుకు ఒకటి అని ఉండదు. బోర్డు మీద ఏది రాస్తే అదే. దేశమూ అలాగే ఉండాలనుకోవడం అంత పాపమా? నేను మొదట వచ్చి ఆక్లాండ్ పాపటోయిటోయిలో ఆరుగురితో ఒక గదిలో ఉండి, ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్లో పెట్టెలు మోసినప్పుడు నన్ను నిలబెట్టింది ఒకటే మాట. ఇక్కడ నువ్వెవరి కొడుకువి, ఏ ఊరు అని ఎవరూ అడగరు, చట్టం ముందు నువ్వూ ఒక మనిషివే అన్నది. ఆ మాట నాకు దేశం ఇచ్చిన ఆస్తి. దాన్ని నేను సమర్థిస్తే తప్పేమిటో నీ మ్యాపుల్లో వెతికి చెప్పు.

వాళ్లకు అన్యాయం జరగలేదని నేనెక్కడా రాయలేదు. జరిగింది. దానికి పరిహారం ఇవ్వనీ, క్షమాపణ చెప్పనీ. కానీ ఎన్ని తరాలు? నిన్నగాక మొన్న వచ్చిన మనం ఏ గట్టున నిలబడాలి? ఈ ప్రశ్న మీ క్లాసులో ఎవరైనా అడుగుతారా?

పేపరు చదవరా అన్నావు. చదివారు. స్కూలు బస్సు నడిపే వైమారీ నీకు తెలుసు కదా, పోయిన చలికాలం దొంగలు కారుతో షట్టర్ గుద్ది సిగరెట్లు ఎత్తుకుపోయిన రోజు, పోలీసులకన్నా ముందు చీపురు పట్టుకుని వచ్చి గాజుముక్కలు ఊడ్చింది. ఇప్పుడు వస్తుంది, పాలు తీసుకుంటుంది, కార్డు ఆనిస్తుంది, వెళ్లిపోతుంది. ఇదివరకు పావుగంట కబుర్లు చెప్పనిదే కదిలేది కాదు. నేనూ పలకరించలేదు. ఏమని పలకరించను?

నాన్న కొట్టు సంగతి నీకు గుర్తుండదు. నీకప్పుడు మూడేళ్లు. నాకు తొమ్మిది. ఇంతకంటే రాయను.

సిరిని పరీక్షల మీద దృష్టి పెట్టమను.

అన్నయ్య

*

మౌంట్ రాస్కిల్
3 నవంబర్ 2024

అన్నయ్యా,

నాన్న కొట్టు సంగతి నాకు గుర్తులేదు కానీ తెలుసు. అమ్మ చెప్పేది. మనది ఏజెన్సీ ఊరు. అక్కడ గిరిజనుల నేల బయటివాళ్లు కొనకూడదని వన్ సెవెంటీ చట్టం వచ్చింది. మన కొట్టు ఉన్నది కోయవాళ్ల నేల మీద. కేసు పడింది, ఓడిపోయాం, ఖమ్మం వచ్చేశాం. అప్పుడు నాన్న ఏమన్నాడో కూడా అమ్మ చెప్పింది. "చట్టం తప్పు గాదు సత్యమ్మా, మనం కొట్టు పెట్టిన చోటే తప్పు" అన్నాడట. నాన్నే అలా అన్నప్పుడు నువ్వు దాన్ని ఇక్కడికెందుకు మోసుకొచ్చావు?

ఇంకొకటి. ఇక్కడ శాండ్రింగ్‌హామ్ బజారులో తెలంగాణ కోసం మనవాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకున్న రోజు మైకు పట్టుకుంది ఎవరు? "పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు, సంతకాలు పెట్టిన్రు, ఒక్కటన్నా నిలబెట్టుకున్నరా?" అని గొంతు పోయేలా అరిచింది ఎవరు? అప్పుడు నీకు ఎవరైనా వచ్చి, అది యాభై ఏళ్ల నాటి కాగితం, ఇప్పుడు ఆంధ్రా తెలంగాణ అందరికీ ఒకటే చట్టం, ఊరుకో అని చెప్తే ఊరుకునేవాడివా? వాళ్ల నోటి వెంట వచ్చిన "అందరం సమానమే" అన్న మాట నీకప్పుడు ఎలా వినిపించింది?

నాకు కోపం వచ్చి రాస్తున్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతాను. నిన్న శాండ్రింగ్‌హామ్‌లో సరుకులు కొంటుంటే ఒక అంకుల్ "మనకెందుకమ్మా ఈ గొడవ, మనం అతిథులం" అన్నారు. నీతో నాకు పోట్లాట ఉంది కానీ, నువ్వు అలా అనవు. నీకు ఒక పట్టింపు ఉంది. అది నాకు నచ్చుతుంది, తప్పు వైపు ఉన్నా.

సిరికి పరీక్షలు అయిపోతున్నాయి. ఫ్రెండ్స్‌తో రెండు మూడు రోజులు ఎటో వెళ్తానంటోంది. పిల్ల కాస్త గాలి మార్చుకుంటే మంచిదే.

గిరిజ

*

వైకౌరి
14 నవంబర్ 2024

గిరిజా,

"ఎటో వెళ్తానంటోంది." బాగా రాశావు. ఎటు వెళ్లిందో నేను చెప్తాను విను.

బిల్లుకు వ్యతిరేకంగా దేశం ఆ కొస నుంచి బయల్దేరిన హీకోయి, అదే మావోరీల పాదయాత్ర, మంగళవారం మా ఊరి మీదుగా వెళ్లింది. అందరూ దారి పొడవునా నడవరట. కార్లలో, బస్సుల్లో వచ్చి ఊరి మొదట్లో దిగి, ఊళ్లోంచి పాటలు పాడుతూ నడిచి, చివర మళ్లీ ఎక్కుతారు. నేను పొద్దున్నే షట్టర్ దించేశాను. మీ వదిన గొడవ, "ఎందుకు మూస్తరండీ? బయట జాతర లెక్క ఉంది" అని. పేపర్లో అలా రాసినవాడి కొట్టు ముందు వెయ్యి మంది నడుస్తుంటే తలుపులు తెరుచుకుని కూర్చునే ధైర్యం నాకు లేదు. ఉన్నమాట చెప్తున్నాను.

లైట్లు తీసేసి ఫ్రిజ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాటలు దగ్గరికొచ్చాయి. షట్టర్ సందులోంచి కాళ్లు, జెండాల నీడలు. ఇంతలో దబదబ ఎవరో బాదారు.  "క్లోజ్డ్!" అని అరిచాను.

"నాన్నా, నేనే! ప్లీజ్, బాత్రూం అర్జెంట్!"

షట్టర్ ఎత్తాను. నీ మేనకోడలు. నెత్తిన ఎవరిదో పెద్ద టోపీ, చేతిలో జెండా, ఎండకు ముక్కు మిరపపండు. దాని వెనక ఆరుగురు ఆడవాళ్లు, అందులో ఒక ముసలావిడ చక్రాల కుర్చీలో. "వీళ్లకి కూడా నాన్నా. లైన్‌లో టాయిలెట్స్ ఫుల్" అంది. ఏం చేయను? చక్రాల కుర్చీ గడప ఎక్కకపోతే నేనే ముందు పట్టుకుని ఎత్తాను. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, మీ వదిన ఎప్పుడు నీళ్ల కేసులు బయటికి మోసిందో, నేను ఎప్పుడు మాంసం కూరిన పైలు వేడిచేయడం మొదలుపెట్టానో నాకు గుర్తులేదు.

సందు దొరికాక అడిగాను. "అత్తయ్యకు తెలుసా?"

"అత్తయ్యే బస్ దగ్గర డ్రాప్ చేసింది."

అదీ సంగతి. నా కూతురు నాకు ఎదురు నిలబడితే నాకు కోపం వస్తుంది, పోతుంది. నా చెల్లెలు దాచిపెట్టి ఉత్తరంలో "గాలి మార్చుకుంటే మంచిదే" అని రాస్తే, అది పోదు.

వెళ్లేముందు వైమారీ లోపలికొచ్చింది, మెడలో ఊరేగింపు నడిపే ఈల. "దీనికి గొంతు బాగుంది, ఇది నీ కూతురా?" అని అడిగింది. అవునన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. నెలన్నర తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే.

మైకు పట్టుకున్న సంగతి గుర్తుచేశావు. అది వేరు. రాష్ట్రం వచ్చాక అందులో ఉన్న ప్రతివాడికీ ఒకటే ఓటు. అయినా ఆ ప్రశ్న రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదని ఒప్పుకుంటున్నాను. నేను మారలేదు. నిద్ర పట్టలేదు, అంతే.

వీరభద్రం

*

మౌంట్ రాస్కిల్
23 నవంబర్ 2024

అన్నయ్యా,

ఎప్పుడూ "అన్నయ్య" అని ముగించేవాడివి, ఈసారి పేరు రాశావు. అది నాకు తగిలింది. తగలాల్సిందే. సిరి చెప్పొద్దని నన్ను ఒట్టు వేయించుకుంది, కానీ పెద్దదాన్ని నేను. తప్పు నాదే.

అయితే అది ఆక్లాండ్ తిరిగొచ్చి నాకొక సంగతి చెప్పింది. ఆ హడావుడిలో, వంటింట్లో నీళ్ల కేసులు తీస్తూ వదిన దానికి చెప్పిందట. కొట్టు ఉన్న నేల ప్రభుత్వానిదట, పాత రైల్వే స్థలమట. మీ ఊరి హాపుతో, అంటే అక్కడి మావోరీ వంశం వాళ్లతో, ప్రభుత్వం పాత అన్యాయాలకు పరిష్కారం కుదుర్చుకుందట. తిరిగిచ్చే భూముల్లో ఆ స్థలమూ ఉందట. నీ లీజు ఎప్పుడో అయిపోయి నెల నెలా నడుస్తోందట. నీకు ఏడాదిగా తెలుసట!

నేను దాచింది మూడు రోజుల సంగతి. నువ్వు దాచింది ఏడాది సంగతి. ఈ మాట గెలవడానికి రాయడం లేదు. ఇన్నాళ్లూ నేను సిద్ధాంతం గురించి పోట్లాడుతున్నాననుకున్నాను. నువ్వేమో కొట్టు, దాని వెనకున్న ఇంటి గురించి భయపడుతున్నావు. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ మైకు సంగతి అలా విసిరేదాన్నా?

సిరి, నేను కూర్చుని వెతికాం. సొంత ఆస్తులు ఎవరివీ తీసుకోరు, ప్రభుత్వం చేతిలో ఉన్నవే తిరిగిస్తారు. మీది సర్కారు స్థలం కాబట్టి వచ్చింది. కొత్త యజమానులు ఏం చేస్తారన్నది వాళ్ల ఇష్టం. ఇది చదివాక నాకూ భయం వేసింది. ఓదార్పు మాటలు రాయలేను.

అసలు సంగతంతా రాయి. ఈసారి నేను వాదించను.

గిరిజ

*

వైకౌరి
12 జనవరి 2025

గిరిజమ్మకు,

జవాబు ఆలస్యమైంది. సెలవుల్లో కొట్టు ఊపిరాడనివ్వలేదు. పైగా ఇది రాయడం కష్టం.

నాన్న అన్న మాట నీకు అమ్మ చెప్పింది. నాన్న చేసింది నేను చూశాను. వాళ్లు చట్టప్రకారమే వచ్చారు, ముందే నోటీసిచ్చారు, ఎవరూ మనల్ని కొట్టలేదు, తిట్టలేదు. ఎండాకాలం. ఒక్కొక్కటీ తెచ్చి రోడ్డు మీద పెట్టారు. ఉప్పు బస్తాలు, బెల్లం దిమ్మలు, కిరసనాయిలు డబ్బా, అమ్మ పోపుల పెట్టె, మన పక్కబట్టలు. రోజూ మన కొట్టుకొచ్చేవాళ్లంతా చుట్టూ నిలబడి చూశారు. నువ్వు ఉప్పు బస్తా మీద కూర్చుని బెల్లం నాకుతున్నావు. నాన్న త్రాసు భుజాన వేసుకుని నడిచాడు. త్రాసు పళ్లాలు ఒకదానికొకటి తగులుతూ ఖమ్మం బస్సెక్కే దాకా మోగుతూనే ఉన్నాయి.

చట్టం న్యాయమైనదే. నేనూ ఒప్పుకుంటాను. కానీ న్యాయం ఎవరి ఇంటి మీదుగా నడిచి వెళ్తుందో ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లాడు ఉంటే, వాడికి న్యాయం కనబడదు, బెల్లానికి పట్టిన దుమ్ము కనబడుతుంది.

పరిష్కారం కాగితం వచ్చిన రోజు నాకు మళ్లీ ఆ దుమ్ము కనబడింది. అప్పుడు "అందరికీ ఒకటే చట్టం" అన్న మాట ఎవరో టీవీలో అంటుంటే పట్టుకోవడానికి కొమ్మ దొరికినట్టయింది. నమ్మకం లేక కాదు, నమ్మకం ఉంది. కానీ నేను పేపరుకు రాసింది నమ్మకంతో కాదు, భయంతో.

ఇంకో సంగతి. సిరి క్రిస్మస్‌కు వచ్చింది. బిల్లు మీద ఎవరైనా పార్లమెంటు కమిటీకి అభిప్రాయం పంపొచ్చు కదా. మా వంటింటి బల్ల మీద ఆ కొసన అది, ఈ కొసన నేను. అది వద్దని, నేను కావాలని. నా ఇంగ్లీషులో తప్పులు అదే దిద్దింది. "నాన్నా, నీ ఆర్గ్యుమెంట్ ఇక్కడ వీక్ గా ఉంది, స్ట్రాంగ్ చేయనా?" అని అడిగింది. నాకు వ్యతిరేకంగా రాస్తూ నాది బాగుచేసింది చూడు! మీ వదిన వచ్చి, "ఇద్దరు పంపిన్రా? ఇగ లేచి గిన్నెలు కడగండి" అంది.

నా దాంట్లో చివరికి ఒక పేరా చేర్చాను. భూములు తిరిగిచ్చేటప్పుడు వాటి మీద బతికే చిన్నవాళ్లతో ముందు కూర్చుని మాట్లాడమని. సిరి చదివి, "ఇదొక్కటి నాది కూడా" అని తన దాంట్లోనూ అదే పేరా రాసుకుంది.

నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియలేదు.

అన్నయ్య

*

మౌంట్ రాస్కిల్
11 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

నిన్న పార్లమెంటులో బిల్లు ఓడిపోయింది. నీకు ఫోన్ చేద్దామనుకుని మానేశాను. నా గొంతులో సంతోషం వినబడితే నీకు కష్టంగా ఉంటుందేమోనని. సంతోషం ఉంది, దాచను.

క్లాసులో ఒక సమోవా పిల్లవాడు, "మిస్, మీ ఇంట్లో అందరూ వద్దన్నారా?" అని అడిగాడు. లేదు, మా అన్నయ్య కావాలన్నాడు అని చెప్పాను. "మరి మీరిద్దరూ మాట్లాడుకుంటారా?" అన్నాడు. ఉత్తరాలు రాసుకుంటామని చెప్తే క్లాసంతా నవ్వింది. ఉత్తరాలా అని. నువ్వు నన్ను అడిగావు కదా, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు ఏ గట్టున నిలబడాలి అని మీ క్లాసులో ఎవరైనా అడుగుతారా అని. ఇదివరకు ఎవరూ అడగలేదు. నిన్న నేనే అడిగాను. గంట కొట్టేదాకా పిల్లలు వాదించుకున్నారు, ఎవరూ తేల్చలేదు. నా పాఠంలో ఒక ఖాళీ ఉండేదని నాకప్పుడు తెలిసింది. రైతు, సైనికుడు, మావోరీ పెద్ద, గవర్నరు అందరూ ఉన్నారు గానీ కొట్టువాడు లేడు.

స్థలం సంగతి ఏమైంది?

గిరిజ

*

వైకౌరి
25 మే 2025

గిరిజమ్మకు,

స్థలం చేతులు మారింది. కాగితం వచ్చింది. జూన్ రెండో శనివారం మరాయెకు, అంటే వాళ్ల సభామందిరానికి, రమ్మన్నారు. "నీ లీజు గురించి మాట్లాడదాం" అని ఒక్క వాక్యమే ఉంది. సంతకం వైమారీది. హాపు ట్రస్టుకు ఆమే పెద్దట. ఇన్నేళ్లు పాలు అమ్మాను, నాకు తెలియదు.

కాగితం గల్లాపెట్టెలో పెట్టి, రోజుకు రెండుసార్లు తీసి చదువుతున్నాను. 

అన్నయ్య

*

మౌంట్ రాస్కిల్
29 మే 2025

అన్నయ్యా,

మా ఇంట్లో వెనక గది ఖాళీ చేశాం. మా ఆయన నిన్ననే గోడకు రంగు వేశారు. "బావ వచ్చినా రాకపోయినా గది గదే కదా" అన్నారు. ఏం జరిగినా ఆ రోజు మీ సామాను రోడ్డు మీద ఉండదు. ఇంతే రాయగలను.

సిరి ఆ ముందు రోజు, శుక్రవారం, బయల్దేరి వస్తుంది. ఈసారి నీకు ముందే చెప్తున్నాను.

గిరిజ

*

వైకౌరి
16 జూన్ 2025

గిరిజమ్మా, తల్లీ,

కొట్టు ఉంది. ముందు ఆ ముక్క చదువు, తర్వాత మిగతాది నింపాదిగా చదువు. ఫోన్లో సిరి నీకు అరిచి చెప్పిందట గానీ, నేను చెప్పాలనుకున్నది ఉత్తరంలోనే వస్తుంది.

చెప్పులు విడిచి లోపలికెళ్లాం. గోడల నిండా వాళ్ల పూర్వీకుల చెక్కడాలు, ఫొటోలు. ముప్పై మంది దాకా ఉన్నారు, అందరూ నా కొట్టు మొహాలే. వైమారీ లేచింది. చేతిలో పేపరు ముక్క. నేను రాసింది మొదట్నుంచి చివరిదాకా చదివింది. గొంతు పెంచలేదు. చదివి, మడిచి, "ఇది నువ్వు రాసిందే కదా. ఇప్పుడు మా నేల మీద ఉన్నావు. మాతో ఏం చెప్పాలనుకుంటున్నావో చెప్పు" అంది.

సిరి ఏదో రాసిచ్చింది, జేబులోనే ఉండిపోయింది. లేచి నాన్న సంగతి చెప్పాను. నా వంకర ఇంగ్లీషులోనే. ఏజెన్సీ, కోయవాళ్లు, ఆ చట్టం, ఉప్పు బస్తాలు, త్రాసు. "ఆ చట్టం న్యాయమే. కానీ ఆ రోజు నాకు తొమ్మిదేళ్లు. అది మళ్లీ జరుగుతుందని భయపడి ఇది రాశాను. నా అభిప్రాయం పూర్తిగా మారిందని మీకు అబద్ధం చెప్పను. చట్టం ముందు అందరూ సమానమన్న మాట మీద నాకు ఇంకా ప్రేమ ఉంది. కానీ మాట ఇచ్చినవాడు తప్పితే, తర్వాత ఎంత సమానంగా చూసినా ఆ లోటు పూడదని మా చెల్లెలు గుర్తుచేసింది. అది నిజం" అన్నాను.

గోడవార కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు, "ఆ కోయవాళ్ల నేల తర్వాత వాళ్లకు దక్కిందా?"

గిరిజా, నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకు రానే లేదు. తెలియదనే చెప్పాను. "కనుక్కో" అన్నాడాయన. తిట్టినట్టు కాదు, పని చెప్పినట్టు.

ఎవరైనా మాట్లాడాక వాళ్ల తరఫువాళ్లు పాట పాడాలట, అది అక్కడి పద్ధతి.  సిరి నా మొహం చూస్తోంది, నేను దాని మొహం చూస్తున్నాను. మీ వదిన లేచి, కొంగు దోపుకుని, బతుకమ్మ పాట ఎత్తుకుంది! సిరి పక్కన చేరి చప్పట్లు. నేనూ కలిశాను. రెండో చరణానికి అక్కడి ఆడవాళ్లూ చప్పట్లు అందుకున్నారు.

ఆ తర్వాత వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చేతులెత్తారు. అందరూ ఒప్పుకోలేదు. తామా అని తారు రోడ్లు వేసే కుర్రాడు, "ఈయనకు ఇవ్వకూడదనే నా మాట. మా తాతలను ఇలా ఎవరూ పిలిచి అడగలేదు" అని నా మొహం మీదే చెప్పాడు. అది కూడా నిజమే కదా. తలవంచుకున్నాను. మిగతావాళ్లు పదేళ్లకు లీజు ఇచ్చారు. ఒకటే షరతు. కొట్టు వెనక పెరట్లోంచి వాళ్ల శ్మశానానికి పాత దారి ఉందట. దొంగలు పడ్డాక నేను గేటుకు తాళం వేశాను, వాళ్లు ఏడాదిగా చుట్టూ తిరిగి పోతున్నారు. ఒక్కరూ నాకు చెప్పలేదు. ఇంటికి రాగానే తాళం తీసి పారేశాను.

బయటికొస్తుంటే వైమారీ, "నీ అభిప్రాయం నీది, దానితో నేను మళ్లీ పోట్లాడతాను. పొద్దున ఆరింటికి మాత్రం బ్రెడ్ ఉండాలి" అంది. ఇవాళ వచ్చి ఇరవై నిమిషాలు కదల్లేదు. కొట్టులో జనం ఆమె వెనక వరుసలో నిలబడిపోయారు. తామా కూడా వచ్చాడు. మాంసం పై ఒకటి తీసుకున్నాడు, పలకరించలేదు. రానీ. రావడమే నాకు చాలు.

మీ గదికి రంగు వేసిన లోకేశ్‌కు చెప్పు, దసరాకు కాదు, వచ్చే నెలలోనే వచ్చి ఆ గదిలో పడుకుంటామని. చుట్టపుచూపుగా.

ఒక్కటి మిగిలింది. నిన్న పొద్దున మీ వదిన స్టోర్ రూంలోంచి అట్టపెట్టెలు ఒక్కొక్కటీ బయటికి తెస్తోంది. పది పన్నెండు ఉన్నాయి. స్టీలు గిన్నెలు, దేవుడి పటాలు, సిరి చిన్నప్పటి గౌన్లు, అన్నీ పేపర్లో చుట్టి, పైన టేపు వేసి. మొదటి పరిష్కారం కాగితం వచ్చిన రోజు నుంచీ నాకు తెలియకుండా సర్దుతోందట. "ఎవరో వచ్చి బయట పెట్టుడెందుకని, మన చేతులతోని మనమే సర్దుకుందామనుకున్న" అంది. ఈ ఇంట్లో భయపడింది నేనొక్కణ్నే అనుకున్నాను.

ఆఖరి పెట్టె అడుగున ఇడ్లీ కుక్కరు దొరికింది. ఇన్ని నెలలుగా ఇంట్లో ఇడ్లీ లేదని నేను గమనించనే లేదు. సిరి పప్పు రుబ్బింది, నీళ్లెక్కువ పోసింది. ఇవాళ పొద్దున ముగ్గురం కౌంటరు వెనకే నిలబడి తిన్నాం. చాలా మెత్తగా వచ్చాయి, చేత్తో పట్టుకుంటే విరిగిపోతున్నాయి. నేను తొమ్మిది తిన్నాను.

అన్నయ్య